పడుకునే వరి

1978 అక్టోబర్ 16, సోమవారం

ఈ నోటుబుక్కు తెలుగులోనే రాయాలని నిర్ణయించుకున్నాను. తమిళనాడు సరిహద్దులోని ఈ వరి పరిశోధన ఫారంలో డ్రాయర్లకు తాళాలు లేవు, అందరికీ అందరి డ్రాయర్లలోనూ పని ఉంటుంది. తెలుగు మాట్లాడేవాళ్ళు సగం మంది ఉన్నారు గానీ చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. నాయన పలక మీద దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్ళకు ఇలా పనికొచ్చాయి. ఒత్తులు తప్పితే నన్ను నేనే క్షమించుకుంటాను.

ఈ రోజు 212వ వరసలో ఒక మొక్క దొరికింది. నాయనకు ఎలా చెప్పాలో ఇక్కడే రాసి చూసుకుంటాను, లేకపోతే ఇంటికెళ్ళాక సగం ఇంగ్లీషులో చెప్పి విసుక్కుంటాను.

నాయనా, బొంబాయిలో గామా కిరణాలు తగిలించిన వరి విత్తనం పోయిన ఎండాకాలం సొర్ణవారి పంటకు వేశాం. ఆ మొక్కల కంకులు విడివిడిగా కోసి, ఈ వానాకాలం సాంబా పంటకు ఒక్కో కంకి గింజలను ఒక్కో వరసగా నాటాం. నాలుగు వందల వరసలు, వరసకు పద్నాలుగు మొక్కలు. కిరణాలు గింజ లోపల ఎక్కడో ఒక గుణాన్ని విరగ్గొడతాయి. ఏది విరిగిందో మనకు తెలియదు. మొక్క పెరిగాక దానికి ఏం చేతకావడం లేదో చూసి, విరిగింది ఫలానా పని చేసేదన్నమాట అని తెలుసుకోవాలి. నీ మగ్గం మీద పడుగు దారం ఒకటి తెగితే గుడ్డలో గీత పడుతుంది కదా, ఆ గీతను పట్టుకుని దారాన్ని వెతుక్కుంటూ వెళ్ళినట్టు.

ఇంతవరకు దొరికినవి పొట్టివి, ఆకు మీద చారలున్నవి, నారుమడిలోనే తెల్లగా పుట్టి చచ్చిపోయినవి. ఇది వేరు. పిలకలన్నీ నాలుగు పక్కలా చాచుకుని నీళ్ళ మీద పడుకుని ఉంది. తెగులు లేదు, ఆకు ముదురు పచ్చగా ఉంది. కడుపు నిండా తిని వెల్లకిలా పడుకున్న మనిషిలా ఉంది. నాకు నవ్వొచ్చింది.

మా పై అధికారి గోపాలన్ సార్ వచ్చి గట్టు మీద గొంతుక్కూర్చుని పిలకల మొదళ్ళు తడిమి చూశారు. తర్వాత తమిళంలో మెల్లగా అన్నారు. "దీనికి పైకి ఏదో తెలియదమ్మా. మిగతా మొక్కలకు తెలుసు. తెలుసని మనం ఎప్పుడూ అనుకోలేదు, అంతే." ఒక్క మొక్కే కాబట్టి ఏదో దెబ్బ తగిలి అలా అయి ఉండవచ్చనీ, గింజ వచ్చి, ఆ గింజ మళ్ళీ ఇలాగే పడుకుంటేనే మాట్లాడాలనీ అన్నారు.

గుర్తుకు కట్టే తగరపు బిళ్ళలు అయిపోయాయి. వెదురుపుల్ల గుచ్చి, దానికి ఎర్ర గుడ్డపేలిక కట్టాను.

అక్టోబర్ 17

లేచింది. పడుకుంది. అబద్ధం, లేవలేదు. పడుకునే ఉంది. చాలా సంతోషంగా ఉంది నాకు.

అక్టోబర్ 29, ఆదివారం

మా ఊరు అత్తిమంజేరిపేట వెళ్ళొచ్చాను. నాయనకు చెప్పాను. మగ్గం ఆపి విన్నాడు, ఆయన మగ్గం ఆపడం చిన్న విషయం కాదు. "అంటే చెడిపోయిన దాన్ని చూసి బాగుండేది యెట్ల పని చేస్తాదో కనుక్కుంటారా? అది మేము రోజూ చేసేదే గదమ్మా," అన్నాడు. నాకు జీతమిచ్చి చేయిస్తున్నారని తప్ప ఇందులో ఆయనకు వింతేమీ కనపడలేదు.

సార్ నా పేరు పర్మనెంటుకు రాశారట. ఆర్డరు పైనుంచి రావాలి.

నవంబర్ 15, బుధవారం

పెద్ద ఆఫీసర్లు ఐదుగురు వచ్చి మడి చూసి వెళ్ళారు. సార్ నన్నే చెప్పమన్నారు. ఇంగ్లీషులో ఆగకుండా చెప్పాను. ఒకాయన నువ్వు ఎక్కడ చదివావమ్మా అని అడిగాడు. వేరుగా కనపడే మొక్కే మాకు విలువైనదని చెప్పినప్పుడు అందరూ రాసుకున్నారు.

పక్క విత్తనాల మడిలో అదే సమయంలో ఫారం కూలీ కన్నియమ్మ జట్టు పని చేస్తోంది. పూతకొచ్చింది కదా, కలవన్ తీస్తున్నారు. మా ఊరి వైపు కేళీలు అంటారు, మంచి పంటలో వేరే రకంగా కనపడేవి.

మంచి రోజు.

నవంబర్ 16

212లో మొక్క లేదు.

కన్నియమ్మ పీకేసింది. విత్తనాల మడి అయిపోయాక మా మడిలోకి దిగి, కలవన్ అనుకుని పీకి గట్టు మీద పడేసింది. గట్టు మీది గడ్డి రాత్రికి ఎడ్ల గాటిలోకి వెళ్ళింది. వెళ్ళి చూశాను. ఎడ్లు నావైపు చూశాయి.

ఎవరినీ అడగకుండా పీకేసింది. ఇరవై ఏళ్ళుగా ఫారంలో చేస్తున్న మనిషి, ఒక్క మాట అడగాలని తెలియదా?

నవంబర్ 17

ఫీల్డ్ బుక్‌లో రాశాను: "212. పడుకున్న మొక్క. కాండం తొలిచే పురుగు. చచ్చిపోయింది."

పీకేశారని రాస్తే కన్నియమ్మ పని పోతుంది. అందుకే అలా రాశాను. ఇంతకంటే కారణం లేదు.

నవంబర్ 20

సార్ చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిలబడలేనిదానికి పురుగును తట్టుకునే శక్తి కూడా లేదేమో. బలహీనమైన వంశం. ఆ వరసను విడిగా కోయాల్సిన పని లేదు, మామూలు కుప్పలో వేసేయండి," అన్నారు.

ఇక అయిపోయింది. ఒక్క మొక్క కోసం మనసు పాడు చేసుకోవడం తెలివితక్కువ పని. నాలుగు వందల వరసలు ఉన్నాయి.

నవంబర్ 27

కన్నియమ్మ మధ్యాహ్నం అన్నం మూట విప్పుకోకుండా నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"పాపా, ఆ పొద్దు నేను తీసింది మీకు కావాల్సిందా? ఆ పొద్దు నించీ నీ మొగం బాగలేదు. కావాల్సిందయితే చెప్పు, అయ్య దగ్గిర నేనే పోయి చెప్తా. నా చేత్తో తీసింది, నేనే చెప్తా."

"ఏం లేదక్కా. నువ్వు పోయి తిను," అన్నాను.

ఆ రోజు అడిగిందేమో. గాలి ఉంది, ఆఫీసర్లు మాట్లాడుతున్నారు. అడిగినా నాకు వినపడలేదు.

డిసెంబర్ 4

212 వైపు వెళ్ళలేదు. పొట్టి వరసలు కొలిచాను.

డిసెంబర్ 9

212 వైపు వెళ్ళలేదు. అటు పని లేదు కూడా.

డిసెంబర్ 17, ఆదివారం

ఇంటికెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. చెప్పులు విప్పకముందే నాయన అడిగాడు. "ఆ పడుకునే చెట్టు యెట్ల ఉండాదమ్మా? గింజ పట్టిందా? నేత సొసైటీలో అందురికీ చెప్పినా. వెంకటముని నమ్మలేదు, నీ బిడ్డ కతలు చెప్తాందంటాడు. ఒగసారి వాణ్ణి పిల్చుకొచ్చి చూపించేదా?"

"చూపిద్దాం నాయనా," అన్నాను.

రేడియో పెట్టుకుని పెద్దగా వింటూ కూర్చున్నాను, ఇంకేమీ అడగకుండా.

డిసెంబర్ 29, శుక్రవారం

మంగళవారం కోత. ఏ వరసలు విడిగా కోయాలో, ఏవి కుప్పలో వేయాలో కన్నియమ్మ జట్టుకు చూపిస్తూ నడిచాను. 212 దగ్గర ఆగకుండా "ఇది కుప్పలోకి" అని ముందుకు పోయాను. కన్నియమ్మ ఆగింది.

"ఈ వరసలో సందులు ఎక్కువ పాపా. ఆ పొద్దు మూడు తీసినాం గదా, పదకొండే ఉండాయి."

నేను వెనక్కి వచ్చాను. "మూడా? ఒక్కటి కదా?"

"ఒగటికి నువ్వు పుల్ల గుచ్చింటివి. అట్లాంటివే ఇంకా రెండు ఉండె, ఆ తట్టు చివర. వాటికి పడక ఇంత ఎక్కువ లేదు, కొంచిం ఒరిగినట్ల ఉండె. కానీ అదే జాతి. నీ కన్ను పడలేదు. మూడూ తీసేస్తిమి."

వరసంతా చూశాను. ఆరు వారాల తర్వాత మొదటిసారి. మూడు సందులు. పద్నాలుగులో మూడు. దెబ్బ తగిలి ఒకటి పడిపోవచ్చు, ఒకే వరసలో మూడు పడిపోవు. అది తల్లి నుంచి వచ్చిన గుణమే. నాలుగింటికి ఒకటి చొప్పున బయటపడింది. నేను వంగి వంగి వెతికి ఒకదాన్ని చూశాను. ఆవిడ నడుస్తూ మూడింటిని చూసింది.

అక్కడే గట్టు మీద కూర్చున్నాను.

ఇక ఇక్కడైనా నిజం రాయాలి.

విత్తనాల మడిలో పెరికేయాల్సినవాటికి మేమే వెదురుపుల్ల గుచ్చుతాం. ఇరవై ఏళ్ళుగా ఆ జట్టుకు పుల్ల అంటే ఇది పీకెయ్ అని. నేను తెచ్చి ఆ మొక్క పక్కన అదే పుల్ల గుచ్చాను. అయినా కన్నియమ్మ ఊరికే పీకలేదు. గట్టు మీదికి వచ్చింది. మోకాళ్ళదాకా బురద, చీర ఎగ్గట్టుకుని ఉంది. ఆఫీసర్ల మధ్య నిలబడి ఉన్న నన్ను "పాపా, ఈ మడిలో పుల్ల గుచ్చిండేది గూడా తీసేద్దామా?" అని గట్టిగా అడిగింది. నాకు వినపడింది. ప్రతి మాటా వినపడింది. నేను ఇంగ్లీషు మాట్లాడుతున్నాను. ఆ పెద్దమనుషుల ముందు నన్ను పాపా అని పిలిచినందుకు, మా ఇంట్లో మాట్లాడే మాటతోనే పిలిచినందుకు సిగ్గేసింది. తొందరగా వెళ్ళిపోతే చాలనుకుని తల ఊపాను.

తల ఊపాను. వేరుగా ఉన్న మొక్కే విలువైనదని చెబుతూ, ఆ వాక్యం మధ్యలో.

పురుగు అని రాసింది కన్నియమ్మ కోసం కాదు. పర్మనెంట్ ఆర్డరు కోసం.

డిసెంబర్ 30

సార్ తిరుత్తణి కొండ గుడికి వెళ్ళారు, మెట్ల పండగకు. బుధవారం గానీ రారు. మంగళవారం పొద్దున పదకొండు మొక్కలూ కుప్పలో కలిసిపోతాయి. నేనే విడిగా కోయించి ఊరుకోవచ్చు, ఎవరికీ తెలియదు. కానీ పుస్తకంలో పురుగు అని ఉన్నంతకాలం ఆ గింజలు ఎందుకు విత్తుతున్నావంటే ఏం చెప్పను? ఒక అబద్ధం కాపాడడానికి ఇంకొకటి అల్లుతూ పోవాలి.

రేపు పొద్దున్నే బస్సు.

డిసెంబర్ 31, ఆదివారం

తిరుత్తణిలో కాలు పెట్టే సందు లేదు. ఒక్కో మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి, పాట పాడి పైకి పోతున్నారు. మూడు వందల అరవై ఐదు మెట్లు. నలభయ్యో యాభయ్యో మెట్టు దగ్గర సార్ దొరికారు. పంచె కట్టుకుని, చొక్కా లేకుండా, ఒళ్ళంతా విభూతి. అలా ఎప్పుడూ చూడలేదు. నేను చెప్పాలనుకున్న మొదటి మాటే మరిచిపోయాను.

"ఎన్నమ్మా, నువ్వు కూడా మొక్కుకున్నావా?" అన్నారు.

"లేదు సార్. 212 గురించి," అన్నాను.

ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసి, మాట్లాడకుండా కర్పూరం పొట్లం నా చేతిలో పెట్టారు. ఆవిడ కుంకుమ పెడతారు, నేను కర్పూరం ఇస్తాను, సార్ వెలిగిస్తారు, దండం పెడతారు, పై మెట్టు. నేను మెట్టుకు ఒక ముక్క చొప్పున చెప్పుకుంటూ వచ్చాను. పుల్ల సంగతి ఒక మెట్టు. ఆఫీసర్ల సంగతి ఒక మెట్టు. కన్నియమ్మ అడగడం. నేను తల ఊపడం. అక్కడి నుంచి నాలుగు మెట్లు కర్పూరం మాత్రం అందించాను, ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. తర్వాత పురుగు అని రాయడం. కళ్ళు మండాయి, కర్పూరం పొగే అని అనుకుంటూ ఏడ్చాను. వెనక వచ్చే ముసలమ్మ ఎవరో నేను భక్తితో ఏడుస్తున్నాననుకుని నా చేయి పట్టుకుంది.

చివరికి కన్నియమ్మ చెప్పిన లెక్క చెప్పాను. సార్ చేతిలో అగ్గిపుల్ల వేళ్ళదాకా కాలింది.

"మూడా?"

"మూడు సార్. పద్నాలుగులో."

ఆయన మెట్ల పక్కన పిట్టగోడ మీద కూర్చున్నారు. జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. ఆయన కాలిన వేళ్ళు పంచెకు తుడుచుకుని అన్నారు. "నువ్వు పురుగు అని రాశావు. నేను నమ్మి, బలహీనమైన వంశం అని తేల్చేశాను. ఆ మొక్కకు లేని గుణం ఒకటి మనిద్దరం కలిసి అంటగట్టాం. అది కదమ్మా నాకు బాధ."

తిట్టి ఉంటే బాగుండేది.

"దీన్ని నేను రిపోర్టులో రాస్తాను. నీ ఆర్డరు ఆగిపోవచ్చు."

"రాయండి సార్," అన్నాను. నిజంగానే అన్నాను.

అప్పుడు ఆయన కుంకుమ పళ్ళెంలో వేలితో గీస్తూ మొదలుపెట్టారు. ఆయన భార్య నెత్తి కొట్టుకున్నా ఆయన చెబుతూనే పోయారు. "మిగిలిన పదకొండూ నిలబడే ఉన్నాయి కదా. నిలబడ్డంత మాత్రాన అన్నీ మంచివని కాదు. ప్రతి గుణం మొక్కలో జతగా ఉంటుంది. జతలో ఒకటి విరిగి ఒకటి బాగుంటే, బాగున్నది పని చేసుకుపోతుంది, మొక్క నిలబడుతుంది. మూడింటికి రెండు లెక్కన, పదకొండులో ఏడింటిలోనైనా ఆ విరుపు దాక్కుని ఉండాలి. ఒక్కో మొక్కనూ విడిగా కోసి, విడిగా విత్తు. వాటి పిల్లల్లో నాలుగింటికి ఒకటి మళ్ళీ పడుకోవాలి." పళ్ళెం ఆవిడకు ఇచ్చేస్తూ, "పడుకోవాలి," అని ఇంకోసారి అన్నారు. ఆశో ఆజ్ఞో తెలియలేదు.

పైదాకా కర్పూరం అందించాను.

1979 జనవరి 2, మంగళవారం

పదకొండు మొక్కలు, పదకొండు సంచులు. ఫీల్డ్ బుక్‌లో పాత మాట చదవడానికి వీలుగా దాని మీద ఒక్క గీత కొట్టి, కింద రాసి సంతకం పెట్టాను: "పురుగు కాదు. నా సూచన వల్ల మూడు మొక్కలు పీకేయబడ్డాయి."

"నా సూచన" అనేది కూడా నున్నగా ఉంది. కానీ పుస్తకంలో సిగ్గుకు కాలమ్ లేదు.

జనవరి 3

కన్నియమ్మకు అంతా చెప్పాను. విని ఊరుకుంటుందనుకున్నాను.

"నెలన్నర నాకు అన్నం సయించలా," అంది. "నేనేమో ఏదో కాని పని చేసేస్తి, ఈ పాప నా మింద దయతో చెప్పకుండా ఉండాదని అనుకుంటి. నువ్వు తల ఊపింది నాకు గుర్తే. ఐనా చదువుకున్న పిల్ల, నేనే తప్పుగా చూసుంటానని నా కన్నునే నేను నమ్మకుంటి. మన మాట మాట్లాడితే నీకంత తక్కవా పాపా?"

తక్కువే అనిపించింది అక్కా ఆ రోజు, అన్నాను. ఇంకేం చెప్పను?

ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడదని జట్టులో ఆడవాళ్ళు చెప్పారు.

జనవరి 9

రెండు కాదు, ఆరు రోజులు. ఈ రోజు "పాపా, మంచినీళ్ళుండాయా?" అంది. పరిగెత్తి తెచ్చాను.

జనవరి 21, ఆదివారం

నాయనకు చెప్పాను. "వెంకటమునికి నేనేం చెప్పేది?" అని మాత్రం అడిగాడు. "ఉండు అని చెప్పు నాయనా. మార్చి దాకా ఉండమను."

జనవరి 22

విత్తాం. సంక్రాంతి తర్వాత వేసే నవరై పంట. పదకొండు చిన్న నారుమళ్ళు.

ఫిబ్రవరి 14

నాట్లు. సంచికి రెండు వరసల చొప్పున, మొత్తం ఇరవై రెండు. వెదురుపుల్లలు ఒక్కటీ లేవు. తగరపు బిళ్ళలు నేనే డబ్బారేకు కత్తిరించి చేశాను, రెండు వేళ్ళు తెగాయి. జట్టు అంతా గట్టు మీద కూర్చున్నాక, ఈ మడిలో ఎందుకు ఏదీ పీకకూడదో తెలుగులో చెప్పాను. ఇంగ్లీషులో కంటే చాలా కష్టంగా ఉంది. ఆఫీసర్లు అడగని ప్రశ్నలన్నీ వీళ్ళు అడిగారు.

మార్చి 3

నిలబడే ఉన్నాయి.

మార్చి 8

అన్నీ నిలబడే ఉన్నాయి. ఇంత చక్కగా నిలబడిన వరిని చూసి దిగులు పడేది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మార్చి 12

పైనుంచి కాగితం వచ్చింది. పర్మనెంట్ లేదు. ఆరు నెలలు తాత్కాలికంగా పొడిగించారు. ఒక రోజంతా బాధపడాలనుకున్నాను. మధ్యాహ్నానికి మడిలోకి వెళ్ళిపోయాను.

నిలబడే ఉన్నాయి.

మార్చి 15

ఏడో సంచి వరసలో ఒకటి కొంచెం ఒరిగినట్టుంది. గాలికేమో. రాయకూడదు.

మార్చి 19, సోమవారం

పొద్దున్నే కలుపు తీయడానికి దిగిన కన్నియమ్మ నడుం ఎత్తకుండానే పిలిచింది. "పాపా, ఇట్రా. నిదానంగా రా, తొక్కేవు."

ఏడో సంచి వరసలో నాలుగు. రెండో సంచి వరసలో మూడు. ఆవిడ వేలు చూపిస్తూ పోతుంటే నేను వెనక రాసుకుంటూ పోయాను. పిలకలు నాలుగు పక్కలా చాచుకుని, నీళ్ళ మీద, ఎవరి భయమూ లేకుండా. నాకు కనపడనివి కూడా ఆవిడకు కనపడ్డాయి. ఇంకో రెండు రోజులు పోతే పడుకుంటాయి చూడు, అని ముందే చెప్పి చూపించింది. మొత్తం పదకొండు సంచుల్లో ఏడింటి వరసల్లో వచ్చాయి. మిగిలిన నాలుగింట్లో ఒక్కటీ లేదు.

సార్ పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పులతోనే మడిలో దిగిపోయారు. ఏడు అని చెబితే ఏడా అని, మళ్ళీ లెక్కపెట్టి, ఏడే అన్నారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకు తెలియలేదు, జట్టు అంతా నన్నే చూస్తోంది.

ఫీల్డ్ బుక్‌లో "మొదట గమనించినవారు" అనే కాలమ్ ఉంది. కన్నియమ్మ అని రాశాను. సార్ చూసి, దాని కింద తేదీ వేసి సంతకం పెట్టారు.

కన్నియమ్మ మాత్రం ఇంకా ఆ మొక్క దగ్గరే కూర్చుని ఉంది. ఒక పిలకను వేలితో పైకెత్తి పట్టుకుంది, వదిలింది. అది మళ్ళీ మెల్లగా పడుకుంది.

"దీనికి పైకి యాదో తెలీదంటావు," అంది.

"అవునక్కా."

"సరి. తెలిసిండే వాటికి ఆ తెలివి యాడుంటాది? వేర్లోనా, కణుపులోనా? వాటికి చెప్పేది ఎవురు?"

ఆ ప్రశ్నే నేను సార్‌ను అడిగాను. "ఎవరికీ తెలియదమ్మా. ఈ మొక్క ఉంటే ఎప్పటికైనా తెలుస్తుంది. నా సర్వీసులో కాదు," అన్నారు.

ఆవిడ అడిగింది అడిగినట్టే, తెలుగులోనే, ఫీల్డ్ బుక్‌లో కొత్త పేజీ తీసి రాశాను. ఎవరూ చదవలేరనే సంగతి ఇప్పుడు నాకు నచ్చలేదు, పక్కనే ఇంగ్లీషులోనూ తమిళంలోనూ రాశాను. జవాబు కోసం కింద పేజీ అంతా ఖాళీగా వదిలాను.